స్త్రీల ఈత వేళ: మన కోరిక, మన హద్దు

(ఆత్మకూర్ (ఎస్)లో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈతకొలనుల గురించి మాట్లాడడానికి ఆత్మకూర్ వరకు రావలసిన పని ఏముందని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఊరి పేరు పక్కన ఉన్న 'ఎస్' అక్షరం సూర్యాపేటను గుర్తు చేస్తుంది. మన చుట్టూ చెరువులున్నాయి, వ్యవసాయ బావులున్నాయి. కాస్త దూరం పోతే మూసీ ఉంది. కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ పారుతుంది. ఇన్ని నీళ్ల మధ్య బతుకుతూ కూడా మన ఆడపిల్లల్లో ఈత వచ్చినవారు ఎందరో ఒక్కసారి లెక్క పెట్టుకోండి. మగపిల్లలు నడుముకు బెండ్లు కట్టుకొని బావిలో దూకి నేర్చుకుంటారు. ఆడపిల్ల గట్టు మీద నిలబడి చూస్తుంది. బట్టలు ఉతకడానికో, బిందె ముంచడానికో వెళ్లి కాలు జారిన రోజున ఆ ఈత రాకపోవడమే ప్రాణం మీదికి వస్తుంది. ప్రతి ఎండాకాలం సెలవుల్లో పత్రికల్లో ఏం చదువుతున్నామో మీకు తెలుసు.

పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పినట్లుగా మన పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. ఆ మాటను మనం కొడుకుల వరకే ఆపేశాం. ఇప్పుడు పిల్లలు పై చదువులకు హైదరాబాదు వెళ్తున్నారు. పట్టణాల్లో ఈతకొలనులు వచ్చాయి. బిడ్డకు ఈత నేర్పాలని తల్లి అనుకుంటుంది. వెంటనే ఆమె అడిగే మొదటి ప్రశ్న, "అక్కడ ఆడవాళ్లకు వేరే వేళ ఉందా? బట్టలు మార్చుకొనే గదికి తలుపు, గడియ ఉన్నాయా?" అని. ఈ ప్రశ్న ధనవంతుల ముచ్చట కాదు. ఒక తల్లి తన బిడ్డ ప్రాణానికి, తన బిడ్డ హయాకు ఒకేసారి కావలి కాయడానికి పడే తపన అది.

ఈ తపన మధ్యలోకి మరొక విషయం వచ్చి చేరింది. స్త్రీలకు ప్రత్యేకించిన ఈతస్థలంలోకి, తనను తాను స్త్రీగా ప్రకటించుకొన్న వ్యక్తికి ప్రవేశం ఉండాలా అన్న వివాదం బ్రిటన్‌లో కొన్నేళ్లుగా నడుస్తున్నది. దానిపై అక్కడి స్త్రీలు చేసిన నిరసన దృశ్యాలు మన కుటుంబాల సెల్‌ఫోన్లలోకి కూడా వచ్చాయి. వాటిని చూసి మన సోదరీమణులు కొందరు భయపడ్డారు. మన యువకులు కొందరు మాత్రం నవ్వుకున్నారు. ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. జాతీయ రహదారి మీద, దుకాణాల ముందు చేయి చాచి నిలబడే హిజ్రాల మీదికి మళ్లింది. "మనమూ ధర్నా చేద్దాం" అన్నవారున్నారు. ఎవరి మీద, దేని కోసం అని అడిగితే జవాబు లేదు. అందుకే ఈ రోజు ఈ విషయాన్ని నిదానంగా, మొదటి నుంచి చెప్పుకుందామని వచ్చాం.

ముందు లండన్‌లో ఏం జరిగిందో చూద్దాం. ఆ నగరంలో హాంప్‌స్టెడ్ హీత్ అనే విశాలమైన పచ్చిక మైదానం ఉంది. అందులో మూడు ఈత చెరువులున్నాయి. ఒకటి పురుషులకు, ఒకటి స్త్రీలకు, మూడవది ఉమ్మడి. స్త్రీల చెరువు 1925 నుంచి నడుస్తున్నది. యూదు స్త్రీలు, ముస్లిం స్త్రీలు, వృద్ధురాండ్రు, ఒంటి మీద శస్త్రచికిత్స గుర్తులున్నవారు, ఒకప్పుడు పురుషుని దౌర్జన్యానికి గురైనవారు అక్కడ మనశ్శాంతితో ఈదగలుగుతున్నామని చెప్పుకొన్నారు. ఆ చెరువుల నిర్వహణ లండన్ నగర కార్పొరేషన్‌ది. ప్రవేశానికి వ్యక్తి చెప్పుకొనే లింగ గుర్తింపునే ప్రమాణంగా తీసుకోవాలన్న ఆలోచన ముందుకు వచ్చినప్పుడు, 2018 మే నెలలో ఒక శుక్రవారం కొందరు స్త్రీలు పురుషుల చెరువుకు వెళ్లారు. కొందరు ఉత్తుత్తి గడ్డాలు పెట్టుకున్నారు. "ఈ రోజుకు మేము పురుషులం" అని చెప్పి నీళ్లలోకి దిగారు. ప్రకటన ఒక్కటే ప్రమాణమైతే ఎవరైనా ఎక్కడికైనా రావచ్చు కదా అన్నది వారి వాదన. పోలీసులు వచ్చారు. ఎవరి మీదా చేయి పడలేదు, ఏ ఆస్తీ ధ్వంసం కాలేదు. అయినా 2019లో కార్పొరేషన్ లింగ గుర్తింపు ఆధారంగానే తన విధానాన్ని ఆమోదించింది.

ఆ తరువాత 2025 ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. స్కాట్లాండ్‌కు చెందిన ఒక మహిళా సంస్థ వేసిన దావా అది. 2010 నాటి సమానత్వ చట్టంలో 'స్త్రీ', 'లింగం' అనే మాటలకు అర్థం పుట్టుకతో వచ్చిన శారీరక లింగమేనని ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. మన యువకులు పంచుకొన్నది ఈ సగం మాత్రమే. రెండవ సగం కూడా వినండి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు వివక్ష నుంచి, వేధింపు నుంచి అదే చట్టం కింద ఉన్న రక్షణ తొలగిపోలేదని ఆ న్యాయస్థానమే స్పష్టం చేసింది. దీనిని ఒక వర్గం మీద మరొక వర్గం సాధించిన విజయంగా చూడవద్దని కూడా హెచ్చరించింది. విజయోత్సవం చేయవద్దని న్యాయమూర్తులే చెప్పిన తీర్పును పట్టుకొని మనం ఇక్కడ ఎవరిని వెక్కిరిస్తున్నాం?

ఇక మన దేశానికి వద్దాం. బ్రిటన్ చట్టం మన చట్టం కాదు. మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగంగా గుర్తించింది. తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకొనే హక్కు వారికి ఉందని చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం స్వీయ భావన ప్రకారం గుర్తింపు పొందే హక్కును అప్పట్లో తన 4వ సెక్షన్‌లో చేర్చింది. ధ్రువపత్రం ఇచ్చే బాధ్యతను జిల్లా మేజిస్ట్రేట్‌కు అప్పగించింది. విద్యలో, వైద్యంలో, ఉపాధిలో, ప్రజలందరికీ అందే సౌకర్యాలలో వివక్షను నిషేధించింది. బహిరంగ ప్రదేశంలోకి రానీయకపోవడాన్ని, ఇంటి నుంచి వెళ్లగొట్టడాన్ని, కొట్టడాన్ని, అవమానించడాన్ని నేరాలుగా ప్రకటించి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది. రహదారి మీద హిజ్రాను చూసి రాయి విసిరే పిల్లవాడు, పక్కన నిలబడి నవ్వే అన్న ఈ సంగతి తెలుసుకోవాలి.

అయితే నల్సా తీర్పులోనే మరొక ఆదేశం ఉంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం ప్రత్యేక ప్రజా మరుగుదొడ్లు, ఇతర సౌకర్యాలు కల్పించాలని ఆ తీర్పు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. అంటే గుర్తింపునకు గౌరవం ఇవ్వడం, ఏకాంతానికి తగిన ఏర్పాటు చేయడం ఒకదానికొకటి శత్రువులు కావని మన న్యాయస్థానం పదేళ్లకు ముందే చూసింది. ఆ ఏర్పాటు పదేళ్లలో ఎన్ని ఊళ్లలో జరిగింది? మన బస్టాండ్లలో, మన ఆసుపత్రుల్లో చూసుకోండి. ప్రభుత్వం కట్టని గది కోసం ఇద్దరు బలహీనులు ఒకే తలుపు దగ్గర తగవు పడవలసి రావడమే ఈ వివాదంలోని అసలు విషాదం.

మన ప్రాంత చరిత్రను కూడా మరవకూడదు. నిజాం పాలనలో 1329 ఫస్లీ, అంటే 1919లో, హిజ్రాలను అదుపు చేయడానికి ఒక చట్టం వచ్చింది. వారి పేర్లు రిజిస్టరులో రాయించాలి. వీధిలో స్త్రీ వేషంలో, నగలతో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. పుట్టుకను, వేషాన్ని బట్టి మనిషిని అనుమానితునిగా నమోదు చేసే చట్టం అది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛను వారికి కూడా అందించాలని ఆదేశించింది. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ విభాగంలో ట్రాన్స్‌జెండర్లను సహాయకులుగా తీసుకున్నారు. ఆ పాత చట్టాన్ని చేసింది ముస్లిం పాలకుని ప్రభుత్వమన్న సంగతిని మనం దాచుకోనవసరం లేదు. పేరును బట్టి, టోపీని బట్టి, గడ్డాన్ని బట్టి మనిషిని అనుమానించడం ఎలా ఉంటుందో ఈ రోజు మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

సోదరీమణులారా, ఇప్పుడు ధర్మం వైపు నుంచి చూద్దాం. సూరె నూర్‌లో చూపు దించుకోవాలన్న ఆదేశం 30వ ఆయతులో మొదట పురుషులకు వచ్చింది. ఆ తరువాతి ఆయతులో స్త్రీలకు వచ్చింది. పరదా బాధ్యతను ఆడపిల్ల నెత్తి మీద మాత్రమే పెట్టి మగవాడు కళ్లు విప్పార్చుకొని తిరగడం దివ్యఖుర్ఆన్ చెప్పిన పద్ధతి కాదు. అదే 31వ ఆయతులో, స్త్రీ ఎవరి ఎదుట తన అలంకరణను దాచనవసరం లేదో చెప్పే జాబితాలో, స్త్రీల పట్ల కోరిక లేని పురుష సేవకుల ప్రస్తావన కూడా ఉంది. అంటే మనుషులందరూ ఒకే మూసలో ఉండరన్న సత్యం మన గ్రంథానికి కొత్త కాదు.

మన ఫిక్హ్ గ్రంథాలలో 'ఖున్సా' గురించి ప్రత్యేక అధ్యాయాలున్నాయి. హనఫీ విద్యార్థులు చదివే 'హిదాయా'లో కూడా ఆ అధ్యాయం ఉంది. పుట్టుకతోనే శరీరంలో స్త్రీ పురుష లక్షణాలు రెండూ ఉన్న వ్యక్తికి వారసత్వంలో వాటా ఎంత, నమాజులో ఎక్కడ నిలబడాలి, చనిపోతే గుసుల్ ఎలా అని ఫుఖహా లోతుగా చర్చించారు. ఏ పక్కా తేలని వ్యక్తిని పురుషుల వరుసకు, స్త్రీల వరుసకు మధ్య నిలబెట్టమన్నారు. ఈ మాటను కాస్త మనసు పెట్టి ఆలోచించండి. వారు ఆ మనిషిని మస్జిదు బయట నిలబెట్టలేదు. రెండు వరుసల మధ్య ఒక చోటు ఇచ్చారు. స్త్రీల సతర్‌ను కాపాడారు, ఆ మనిషి నమాజును కూడా కాపాడారు.

అయితే ఖున్సా విషయం, స్వీయ ప్రకటన విషయం ఒకటి కాదు. వీటిని కలగాపులగం చేయకూడదు. ముస్లిం దేశాలలోనే దీనిపై భిన్న మార్గాలున్నాయి. ఇరాన్‌లో ఆయతుల్లా ఖుమైనీ 1980లలో శస్త్రచికిత్సను అనుమతిస్తూ ఫత్వా ఇచ్చారు. పాకిస్తాన్ 2018లో స్వీయ గుర్తింపును ఒప్పుకొనే చట్టం చేసింది. 2023 మేలో అక్కడి ఫెడరల్ షరియత్ న్యాయస్థానం ఆ నిబంధనలు షరియత్‌కు విరుద్ధమని తీర్పు ఇచ్చింది. ఈ వివరాలలోని ధార్మిక నిర్ణయం ఉలమా చేయవలసింది. వేదిక మీద నిలబడి మేము ఫత్వా ఇవ్వబోము. కానీ ఏ అభిప్రాయం గల ఆలిమ్ అయినా అంగీకరించే విషయాలు రెండున్నాయి. బట్టలు మార్చుకొనే చోట స్త్రీ సతర్‌కు రక్షణ ఉండాలి. అల్లాహ్ సృష్టించిన ఏ మనిషినీ ఎగతాళి చేయకూడదు. మన నిలువు ఈ రెండింటి మీదే ఉండాలి.

ఈ విషయంలో మనం జాగ్రత్తగా ఉండడానికి మరొక కారణం ఉంది. ఈతకొలను గుమ్మం దగ్గర ప్రభుత్వాలు నిలబెట్టి ప్రశ్నించినవారిలో మన బిడ్డలు కూడా ఉన్నారు. ఫ్రాన్స్‌లో 2016 వేసవిలో సముద్ర తీర పట్టణాలు నిండు దుస్తులతో ఈదే ముస్లిం స్త్రీలను నిషేధించాయి. ఆ ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం విల్‌నవ్-లూబె పట్టణపు నిషేధాన్ని నిలిపివేసింది. మళ్లీ గ్రెనోబుల్ పట్టణం తన ఈతకొలనుల్లో ఆ దుస్తులకు అనుమతి ఇస్తే, 2022 జూన్‌లో అదే న్యాయస్థానం ఆ అనుమతిని నిలిపివేయడాన్ని సమర్థించింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒక తుర్కీ కుటుంబం తమ కూతుళ్లను మగపిల్లలతో కలిసి చేసే తప్పనిసరి ఈత తరగతికి పంపలేదు. అధికారులు జరిమానా వేశారు. 2017 జనవరి 10న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ కుటుంబానికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆ పిల్లలకు నిండు దుస్తులు వేసుకొనే వీలు, బట్టలు వేరుగా మార్చుకొనే వీలు ఇచ్చారన్న విషయాన్ని కూడా ఆ న్యాయస్థానం లెక్కలోకి తీసుకుంది. చూడండి, పెద్ద సిద్ధాంతాలు ఓడిన చోట కూడా ఒక చిన్న గది, ఒక నిండు దుస్తు మిగిలాయి.

మన పొరుగున కర్ణాటకలో ఏం జరిగిందో మీకు వేరే చెప్పాలా? ఉడుపిలో మన బిడ్డలు హిజాబుతో కళాశాల గేటు బయట కూర్చున్నారు. వారు రాయి విసరలేదు, ఎవరినీ దూషించలేదు. చేతిలో పుస్తకం, నోట ఒక్క కోరిక. 2022 మార్చి 15న హైకోర్టు వారికి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చారు. తీర్పు ఏమైనా, ఆ పిల్లల నిశ్శబ్దం దేశమంతా చూసింది. వారిని గేటు దగ్గర ఆపిన చేయి ఏ హక్కుతో ఆపిందని మనం అడిగాం. అలాంటప్పుడు మరొకరిని గేటు దగ్గర ఆపమని మనం అడిగేటప్పుడు మాట ఎంత తూచి మాట్లాడాలి!

ఒకవేళ గుమ్మం దగ్గర తనిఖీ పెట్టించామే అనుకోండి. 'నువ్వు స్త్రీవేనా' అని ఎవరిని అడుగుతారు? పొడగరి పిల్లను అడుగుతారు, గొంతు బొంగురుగా ఉన్న పిల్లను అడుగుతారు, పైపెదవి మీద నూగు ఉన్న పిల్లను అడుగుతారు. తమిళనాడు పేద ఇటుక బట్టీ కూలీల బిడ్డ శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచి, లింగ పరీక్ష పేరిట ఆ పతకాన్ని పోగొట్టుకుంది. ఒడిశా నేత కుటుంబంలో పుట్టి హైదరాబాదులో శిక్షణ పొందిన ద్యుతీ చంద్‌ను 2014లో జట్టు నుంచి తప్పించారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో ఆ నిబంధనను నిలిపివేయించింది. వీరిద్దరూ ఆడపిల్లలుగా పుట్టి పెరిగినవారే. అనుమానపు చూపు మొదట పేదింటి ఆడపిల్ల మీదే పడుతుంది. నఖాబు వేసుకొన్న మన బిడ్డ మీద ఇంకా త్వరగా పడుతుంది. కాబట్టి ఒంటి తనిఖీని కోరే ఏ డిమాండ్‌కూ మనం సంతకం పెట్టకూడదు.

మరి మనం కోరేది ఏమిటి? దాపరికం లేకుండా చెప్పుకుందాం. అందరూ కలిసి బట్టలు మార్చుకొనే తెరిపి గదిలోకి, స్త్రీల ఈత వేళలోకి ప్రవేశానికి నోటి ప్రకటన ఒక్కటే ప్రమాణంగా ఉండడం మనకు అంగీకారం కాదు. ఎవరి మీదనో అనుమానంతో ఈ మాట అనడం లేదు. పురుష శరీరం గల వ్యక్తి ఎదుట సతర్ విప్పకపోవడం మన స్త్రీలకు ధార్మిక విధి. ఆ వ్యక్తి మనసులో ఏముందన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అలాంటి వేళ లేకపోతే మన ఆడపిల్ల వేరే దారి వెతుక్కోదు, ఈత మానేస్తుంది. రాజ్యాంగం 15వ అధికరణం మూడవ ఖండం స్త్రీల కోసం, పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాజ్యానికి ఇచ్చింది. 25వ అధికరణం మన విశ్వాసాన్ని పాటించే స్వేచ్ఛను ఇచ్చింది. మనం అడిగేది ఈ రెండింటి నీడలోనే.

దీనికి ఒక ట్రాన్స్‌జెండర్ సోదరి ఇలా జవాబు చెప్పవచ్చు: "పురుషుల గదిలోకి వెళ్తే నన్ను కొడతారు, స్త్రీల గదిలోకి మీరు రానివ్వరు, మూడవ గది ఎక్కడా లేదు. అంటే నన్ను ఈదవద్దనే కదా మీరు చెబుతున్నది?" ఆమె మాటలో న్యాయం ఉంది. 'వేరుగా ఉండు' అన్న మాట ఎలా గుచ్చుకుంటుందో అద్దె ఇల్లు దొరకని ముస్లిం కుటుంబానికి తెలుసు. అందువల్ల మన కోరిక ఆమెను బయట వదిలేసేదిగా ఉండకూడదు. మన వినతిపత్రంలో మన పంక్తి పక్కనే ఆమె పంక్తి కూడా ఉండాలి.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. ప్రభుత్వ ధనంతో నడిచే ప్రతి ఈతకొలనులో స్త్రీలకు ప్రత్యేక వేళలు ఉండాలి. ఆ వేళల్లో నేర్పేవారు, కాపాడేవారు, గేటు దగ్గర ఉండేవారు స్త్రీలే కావాలి. తెరిపి గదుల స్థానంలో నేల నుంచి పైకప్పు దాకా గోడ, లోపలి గడియ ఉన్న ఒక్కొక్కరి గదులు కట్టాలి. ఇలాంటి గది స్త్రీకి, వికలాంగునికి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి, సిగ్గరి అయిన మగపిల్లవానికి కూడా మేలు చేస్తుంది. నల్సా తీర్పు చెప్పినట్లు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సౌకర్యాలు, వారు కోరుకొనే వేళ కల్పించాలి. ఈతకు తగిన బట్టతో కుట్టిన నిండు దుస్తులను అడ్డగించకూడదు. నిబంధనలన్నీ తెలుగులో, ఉర్దూలో గోడ మీద రాసి పెట్టాలి. గుమ్మం దగ్గర ఒంటి తనిఖీ ఉండరాదు. ఫిర్యాదు వస్తే ప్రవర్తన మీద విచారణ జరపాలి, రూపం మీద కాదు.

ఇంకొక మాట. బట్టలు మార్చుకొనే గదుల్లో మన ఆడపిల్లలకు దగ్గరి ప్రమాదం చేతిలో ఇమిడే సెల్‌ఫోన్. స్త్రీ ఏకాంతంలో ఉండగా దొంగతనంగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఫోన్లు బయట పెట్టించే నియమం కోసం పట్టుబట్టండి. ఎక్కడో లండన్‌లోని మనిషి గురించి భయపడుతూ పక్కనున్న కెమెరాను మరచిపోతే నష్టపోయేది మన బిడ్డే.

ఇక నిరసన ఎలా చేయాలన్న ప్రశ్న. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు 19వ అధికరణం మనకు ఇచ్చింది. జంతర్ మంతర్ వద్ద నిరసనలపై 2018లో సుప్రీంకోర్టు ఆ హక్కును నిలబెట్టింది. 2020 అక్టోబరులో షాహీన్‌బాగ్ కేసులో, ప్రజల దారిని నిరవధికంగా ఆపడం తగదని కూడా చెప్పింది. రెండూ గుర్తుంచుకొని నడవాలి. మొదటి మెట్టు కాగితం. సమాచార హక్కు చట్టం కింద మన మూడు పట్టణాల మునిసిపాలిటీలను అడగండి. ప్రజాధనంతో నడిచే ఈతకొలనులున్నాయా, స్త్రీల వేళలున్నాయా, గదులెన్ని, నేర్పే స్త్రీలెందరు? 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు పట్టుకొని సోమవారం ప్రజావాణిలో సూర్యాపేట కలెక్టరేట్‌కు, మిర్యాలగూడ వారు నల్గొండకు వినతిపత్రం తీసుకువెళ్లండి. అప్పటికీ కదలిక లేకపోతే పోలీసులకు ముందుగా తెలిపి, పక్కకు నిలబడి, దారి వదిలి, తల్లులు బిడ్డలతో మౌనంగా నిలబడండి.

ఆ నిలబడడంలో కొన్ని హద్దులు మనకు మనమే పెట్టుకుందాం. హిజ్రాలను కించపరిచే పదం ఒక్కటి కూడా నినాదంలోకి రాకూడదు. ఏ వ్యక్తి ఫొటోను పలక మీద ఎక్కించకూడదు. నీళ్లలో ఉన్నవారిని చిత్రీకరించకూడదు. వేషాలు కట్టి ఎగతాళి చేయడం లండన్‌లో వారి వాదనా పద్ధతి కావచ్చు, మన దారి అది కాదు. మన పేరు వాడుకొని ట్రాన్స్‌జెండర్ల మీద ద్వేషం రేపాలనుకొనేవారు వేదిక అడుగుతారు. ఈ రోజు వారి మీద రేగిన ద్వేషం రేపు మన వీధికి రావడానికి ఎంతో సమయం పట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, ముందు నిలబడి మాట్లాడవలసింది స్త్రీలు. వారి సతర్ గురించి, వారి ఈత గురించి మగవారు మైకు పట్టుకొని గంటలు గంటలు మాట్లాడడం తగదు. ఈ మాట మాకు కూడా వర్తిస్తుంది కనుక ముగింపుకు వస్తున్నాం.

మన జిల్లాలోనే జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. జనవరిలో ఉర్సు జరిగేటప్పుడు మతం అడగకుండా జనం వస్తారు. ఆ రద్దీలో చంటిబిడ్డ తల్లి పాలివ్వడానికి తావు వెతుక్కుంటే, ముక్కూ మొహం తెలియని స్త్రీలు తమ కొంగులు పట్టి చుట్టూ తెర కడతారు. ఎవరూ ఆమెను ధ్రువపత్రం అడగరు. ఎవరూ మరొకరిని తిట్టరు. అవసరం చూసి తెర కడతారు, అంతే. మనం ప్రభుత్వాన్ని కోరుతున్నది ఇటువంటి తెర. అది మన బిడ్డను కప్పాలి, మరొకరి బిడ్డను బజారున పడేయకూడదు.

వచ్చే ఎండాకాలానికి ఆత్మకూర్ ఆడపిల్లలు పదిమందైనా ఈత నేర్చుకొని ఉండాలి. బాగా ఈత వచ్చిన తల్లులు, మేనత్తలు ఊళ్లో ఉన్నారు. కలెక్టరు జవాబు వచ్చేదాకా ఆగనవసరం లేదు. అనువైన బావి, లోతు తెలిసిన మనిషి, చుట్టూ కాపలా, ఒక వేళ నిర్ణయించుకొని మొదలుపెట్టండి. వినతిపత్రం మీద మొదటి సంతకం ఆ పిల్లల తల్లులది కావాలి. అల్లాహ్ మన బిడ్డల ప్రాణాలను, మానాన్ని కాపాడుగాక. మన నోటి నుంచి, మన చేతి నుంచి ఏ బలహీనునికీ హాని జరగకుండా మనలను కాపాడుగాక. ఆమీన్.